సర్దుకుపొమ్మనే ముందు ఒక్క ప్రశ్న

రాత్రి పదిన్నరకో పదకొండుకో ఫోను మోగుతుంది. తెర మీద కూతురి పేరు. ఎత్తితే ముందు మాట రాదు, ఊపిరి చప్పుడే వినిపిస్తుంది. "ఏమ్మా, ఏమైంది?" అంటే "ఏం లేదమ్మా, ఊరికే చేశాను" అంటుంది. కాసేపటికి ఏడుపు, ఆ తర్వాత అసలు సంగతి. ఇవతల తల్లి అంతా వింటుంది. పక్కగదిలో నిద్రపోతున్న మనిషి లేవకుండా గొంతు తగ్గించి చెబుతుంది. ఏ జిల్లా అయినా, ఏ కులమైనా, ఆ తల్లి చెప్పే మాట దాదాపు ఒకటే: "సర్దుకుపో తల్లీ. నువ్వే కాస్త మనసు మార్చుకో. ఓ పిల్లో పిల్లాడో పుడితే అన్నీ అవే కుదురుకుంటాయి."

ఆ మాట వెనక ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఆ తల్లి తన కాపురమంతా అదే మాటను పట్టుకుని ఈదింది. తనకు తెలిసిన ఒకే ఒక్క మందు కూతురికీ ఇస్తోంది. కానీ ఆ మాట కొన్ని ఇళ్ళలో ప్రాణం తీస్తోంది. 2022 ఒక్క సంవత్సరంలో దేశం మొత్తం మీద పోలీసు రికార్డుకెక్కిన వరకట్న మరణాలు 6,450. రోజుకు పదిహేడుకు పైగా. వరకట్న మరణం అంటే చట్టం లెక్కలో పెళ్ళయిన ఏడేళ్ళలోపు, కట్నం కోసం వేధింపులు పడుతూ, కాలిన గాయాలతోనో ఒంటి మీద దెబ్బలతోనో మరో అసహజ కారణంతోనో పోయిన ప్రాణం. పెళ్ళి ఆల్బం ఇంకా బీరువా పై అరలోనే ఉంటుంది. ఈ కేసుల తీర్పులు చదివితే తల్లిదండ్రుల సాక్ష్యాల్లో ఒక మాట మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. అంతకుముందు కూడా చెప్పుకుని ఏడ్చిందని, తామే సర్దిచెప్పి దిగబెట్టి వచ్చామని.

దిగబెట్టి వచ్చాం. ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించమని ఈ హెచ్చరిక.

మనసు మార్చుకోవడం గురించి ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, వంద వీడియోలు. సంతోషం మన చేతుల్లోనే ఉందంటారు. ఎదుటి మనిషిని మార్చాలంటే ముందు నువ్వు మారాలంటారు. కోపాన్ని ప్రేమతో గెలవాలంటారు. వేదికల మీద ప్రవచనకర్తలు, వాట్సాప్‌లో పొద్దుటి సందేశాలు, పత్రికల్లో సలహాల శీర్షికలు, అన్నిటిదీ ఒకటే దారి. అందులో నిజం లేదని అనను. కుటుంబంలో కష్టపడుతున్న మనిషికి మనసును దిద్దుకోవడం గొప్ప ఆసరా. అయితే ఆ సలహా చెప్పేవాళ్ళెవరూ వినేవాళ్ళను ముందుగా అడగాల్సిన ప్రశ్న అడగడం లేదు. ఆ ఇంట్లో నీకున్నది బాధా, భయమా?

ఈ రెండూ వేరు. బాధ అంటే అత్తగారు పప్పులో ఉప్పు ఎంచడం, తోడికోడలి పుట్టింటివాళ్ళు తెచ్చిన సారెను నీ ముందే పొగడటం. పొలం గట్టు దగ్గర తెగిన మాట అన్నదమ్ముల మధ్య పదేళ్ళయినా అతక్కపోవడం, తండ్రి తమ్ముణ్ణి మెచ్చుకుని నిన్ను ఏనాడూ మెచ్చుకోకపోవడం, ఇంట్లో ఉన్న నాలుగు గంటలూ భర్త టీవీతోనే గడిపి నీతో నాలుగు మాటలు మాట్లాడకపోవడం కూడా బాధే. ఇవి చిన్నవని కాదు, ఏళ్ళ తరబడి మనిషిని లోపల్నుంచి తినేస్తాయి. అయినా ఇక్కడ మనసు మార్చుకోవడం పనిచేస్తుంది. అత్తగారి మెప్పు కోసం ఎదురుచూడటం మానేసిన కోడలికి మరుసటి రోజు కూడా అదే పప్పు, అదే మాట ఎదురవుతాయి. మాట మారదు. కానీ దాని కోసం రాత్రంతా మేలుకోవడం మారుతుంది. పండక్కి వెళ్ళి రెండు పూటలుండి, మూడో పూట ఆస్తి మాట మొదలవక ముందే లేచి వచ్చేయడం నేర్చుకున్న తమ్ముడికి అన్న మీద ప్రేమ నిజానికి కొంచెం మిగులుతుంది. వారానికోసారి మాట్లాడుకునే ఒక స్నేహితురాలు, సాయంత్రం ఓ అరగంట నడక, తన పేరు మీద ఒక బ్యాంకు ఖాతా, వంటిల్లు దాటిన ఒక పని ఉంటే అదే ఇల్లు కాస్త విశాలంగా కనిపిస్తుంది. పొదుపు సంఘం సమావేశానికి వెళ్ళి వచ్చిన రోజు ఆ ఆడవాళ్ళ ముఖాలు చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

భయం అలాంటిది కాదు. బైకు చప్పుడు సందు మలుపులో వినగానే ఒళ్ళు బిగుసుకుంటే అది భయం. గేటు తీసిన తీరును బట్టి ఇవ్వాళ ఎంత తాగాడో లెక్కకట్టి పిల్లల్ని ముందే పడుకోబెట్టడం భయం. ఫోనులో ఎవరితో మాట్లాడావో చూపించాల్సి రావడం, పుట్టింటికి ఫోను చేయాలంటే స్నానాల గది తలుపు వేసుకోవాల్సి రావడం, జీతం పడ్డ రోజే ఏటీఎం కార్డు ఇచ్చేయాల్సి రావడం భయం. ఈ ఇంట్లో మనసు మార్చుకొమ్మంటే ఏం మార్చుకోవాలి? ఒళ్ళు బిగుసుకోవడం మానేయాలా? అది బతకమని శరీరం చేస్తున్న హెచ్చరిక. దాన్ని ధ్యానంతో, జపంతో, మంచి మాటలతో నిద్రపుచ్చితే మిగిలేది సంతోషం కాదు. అపాయం వచ్చినా తెలియని మొద్దుతనం మిగులుతుంది. బాధ ఉన్నచోట మనసు మారితే మేలు. భయం ఉన్నచోట ముందు మారాల్సింది మనిషి ఉన్న చోటు, ఆ తర్వాతే మనసు సంగతి.

మన ఆడపిల్లలు మనసు మార్చుకోలేదని ఎవరైనా అంటే వాళ్ళకు ఒక అంకె చూపించాలి. 2019–21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికి వెళ్ళినా, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోయినా, ఎదురు మాట్లాడినా, పక్కలోకి రానన్నా, వంట సరిగా చేయకపోయినా, అత్తమామల్ని గౌరవించకపోయినా, తప్పుదారి పట్టిందని అనుమానం వచ్చినా భర్త భార్యను కొట్టడం సబబేనా? వీటిలో కనీసం ఒక్క కారణానికైనా సబబే అన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి ఎనభై మందికి పైన. అడిగింది ఆడవాళ్ళను, చెప్పింది ఆడవాళ్ళే. అదే సర్వేలో, పెళ్ళయిన స్త్రీలలో భర్త చేతి హింస అనుభవించినవాళ్ళు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశవ్యాప్తంగా హింసకు గురైన స్త్రీలలో నూటికి 77 మంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, సాయమూ అడగలేదు.

అంటే మనం చెప్పినట్టే వాళ్ళు విన్నారు. మనసు మార్చుకున్నారు. దెబ్బ తిని, తప్పు తనదేనని నమ్మేంతగా మార్చుకున్నారు. ఇక మారాల్సిన మనసు మనదే.

కొట్టడానికి మన భాషలో ఎన్ని మెత్తని మాటలున్నాయో గమనించండి. చేయి చేసుకున్నాడంటాం. రెండు తగిలించాడంటాం. కోపం ఆపుకోలేకపోయాడంటాం. మందు మీద ఉన్నాడు, లేకపోతే వెన్నలాంటి మనిషంటాం. 'కొట్టాడు' అనే మూడక్షరాల మాట మాత్రం స్టేషన్లో కాగితం ముందు కూర్చున్నప్పుడే బయటికొస్తుంది. మెత్తని మాట వాడిన ప్రతిసారీ ఆ పిల్లకు ఒక సంగతి అర్థమవుతుంది. తన ఒంటి మీద మచ్చ కన్నా వాళ్ళకు అల్లుడి పేరు మీద మచ్చే పెద్దదని.

ఇప్పుడు అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. అన్ని దెబ్బలూ ఒక్కటి కావు. కొన్ని గుర్తులు కనిపిస్తే అది రేపటికి వాయిదా వేయాల్సిన తగువు కాదు. వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది గొంతు పట్టుకోవడం. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఆచార్యురాలు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ భర్తల చేతుల్లో, సహచరుల చేతుల్లో హతమైన స్త్రీల ఉదంతాలను దశాబ్దాలుగా పరిశీలిస్తూ ప్రమాద సూచనల పట్టిక ఒకటి తయారుచేశారు. ఆమె బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకసారి గొంతు నులిమిన మనిషి చేతిలో ఆ స్త్రీ తర్వాత హత్యకు గురయ్యే ముప్పు ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది. మన ఇళ్ళలో 'ఊరికే గొంతు పట్టుకున్నాడంతే, వదిలేశాడు' అని చెప్పుకునేది దీన్నే. పైకి మచ్చ కూడా ఉండకపోవచ్చు. లోపల వాపు పెరగొచ్చు, మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు దెబ్బతినొచ్చు. గంటల తర్వాతో రోజుల తర్వాతో ప్రాణం మీదికి రావొచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, కళ్ళలో ఎర్రటి చుక్కలు కనిపించినా, ఆ సమయంలో తనకు తెలియకుండా మూత్రం పోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పొద్దున చూద్దాం అనకూడదు.

కడుపుతో ఉన్నప్పుడు కొట్టడం, చంపేస్తానని బెదిరించడం, నువ్వు వెళ్తే నేను చస్తానని ఉరితాడు చూపించడం, కత్తో కిరోసినో చేతికి తీసుకోవడం, ఇష్టం లేకుండా బలవంతం చేయడం, ఎవరిని కలిసినా అనుమానించి అడుగడుగునా కాపలా కాయడం కూడా అలాంటి గుర్తులే. దెబ్బలు నెలకోసారి నుంచి వారానికోసారికి వస్తున్నాయంటే అదీ గుర్తే. ఇంకొకటి పెద్దవాళ్ళు తెలుసుకోవాలి. అన్నిటికన్నా ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆమె వెళ్ళిపోవడానికి సిద్ధపడినప్పుడు, వెళ్ళిన కొత్తలోనూ. అందుకే 'నేను వెళ్ళిపోతున్నా' అని గుమ్మంలో నిలబడి ప్రకటించమని ఎవరికీ చెప్పకండి. అల్లుడికి ఫోను చేసి 'రేపొచ్చి మా పిల్లను తీసుకుపోతాం' అని కబురూ పెట్టకండి. ఆధార్, చదువు సర్టిఫికెట్లు, పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు పాసుపుస్తకం, శుభలేఖ, పెళ్ళి ఫోటోలు, రోజూ వేసుకునే మందులు ముందే ఒక నమ్మకమైన ఇంట్లో ఉండాలి. కనీసం నకళ్ళయినా. పగటిపూట, అతను ఇంట్లో లేనప్పుడు, తోడుతో బయటపడటం మేలు. డాక్టరు దెబ్బ ఎలా తగిలిందని అడిగితే బాత్రూములో జారిపడ్డానని చెప్పొద్దు. ఆ రోజు డాక్టరు రాసిన నాలుగు వాక్యాలు రేపు కోర్టులో నలభై మంది సాక్ష్యం కన్నా ఎక్కువగా నిలబడతాయి.

చట్టం గురించి మన ఇళ్ళలో ఉన్న భయం ఒకటే. కేసు పెడితే కాపురం పోతుందని. అందుకే అసలు ఏ చట్టం ఏం చేస్తుందో తెలుసుకోవాలి. 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస నిరోధక చట్టం ముందు చూసేది రక్షణ. ఒంటి మీది దెబ్బే కాదు, తిట్లు, అవమానాలు, లైంగిక బలవంతం, డబ్బు చేతికి ఇవ్వకపోవడం, స్త్రీధనం లాక్కోవడం కూడా ఈ చట్టంలో హింసే. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంటుంది. ఇక ముట్టుకోవద్దని, దగ్గరికి రావద్దని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఖర్చులకు డబ్బు ఇప్పించవచ్చు, పిల్లలు ఎవరి దగ్గరుండాలో చెప్పవచ్చు. దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి విచారణ పెట్టాలని, అక్కడి నుంచి అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టమే చెబుతోంది. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు, ఇరవై వేల దాకా జరిమానా. దీనికి విడాకులతో సంబంధం లేదు. కాపురం అతకాలన్నా, తెగాలన్నా, ముందు ఆమె ప్రాణంతో ఉండాలి.

ఒకప్పుడు 498ఏ అని పిలిచిన సెక్షను 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారింది. అత్తారింట్లో జరిగిన క్రూరత్వానికి అక్కడికే వెళ్ళి కేసు పెట్టాల్సిన పని లేదు. పుట్టింట్లో తలదాచుకున్న చోటు నుంచి కూడా పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2019లో రూపాలీదేవి కేసులో తేల్చి చెప్పింది. న్యాయవాది ఫీజు లేదనే భయమూ అక్కర్లేదు. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చింది. దానికి ఫోను 15100. మహిళా సహాయ కేంద్రం 181, అత్యవసరమైతే 112. జిల్లాల్లో ఉన్న సఖి కేంద్రాల్లో తాత్కాలికంగా ఉండటానికి చోటు, వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకే చోట దొరుకుతాయి. ఈ అంకెలు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించడం అందరికీ కుదరదు. కొందరి ఇళ్ళలో అదే ఇంకో గొడవవుతుంది. కనుక గుర్తుండేలా చదవండి. మీ ఇంటికి పని చేయడానికి వచ్చే అమ్మాయికి, మీ పక్కింటి కోడలికి నోటితో చెప్పండి.

పెద్దమనుషుల పంచాయితీ గురించి ఒక మాట. ఊళ్ళో అయితే రచ్చబండ దగ్గర, పట్నంలో అయితే కల్యాణమండపం పక్కన ఎవరి హాల్లోనో, ఇరువైపుల వాళ్ళూ కూర్చుంటారు. అతను కొట్టాడన్న మాట ఎత్తగానే, ఆమె ఏం చేసిందనే దాని మీదికి తీర్పు మళ్ళుతుంది. సమయానికి కాఫీ ఇవ్వలేదా? ఆడపడుచును ఏమన్నావు? ఇద్దరిదీ తప్పుందని, ఇద్దరూ సర్దుకోవాలని తేల్చి, భోజనాలు చేసి లేస్తారు. ఆ భోజనం తిన్న పెద్దలు ఒక నిబంధన చదవాలి. గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నియమాల్లో కౌన్సెలింగ్ ఎలా చేయాలో రాసి ఉంది. కొట్టినందుకు సమర్థన చెప్పుకునే అవకాశం అతనికి ఇవ్వకూడదు. ఆ సంగతి మాటలు మొదలయ్యే ముందే అతనికి చెప్పాలి. ఇక చేయనని మాట తీసుకోవాలి. ఇది కోర్టు నియమించిన కౌన్సెలరుకు వర్తించే పద్ధతి. ఆ ఒక్క క్రమశిక్షణ మన పంచాయితీల్లో పాటించినా ఎంతో మార్పు వస్తుంది. ఎందుకు కొట్టావని అడిగితే కారణాలు వస్తాయి. కొట్టడం ఎప్పుడు ఆపుతావని అడగండి.

మనసు మారడం అంటే నిజంగా ఏమిటో మన నేల మీదే ఒకసారి జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిపూట అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న కూలి ఆడవాళ్ళు, కూలి డబ్బులు సారాకొట్టుకు పోవడం, తాగి వచ్చిన మొగుడు కొట్టడం ఎవరి ఖర్మ వాళ్ళది కాదని, అందరిదీ ఒకే బాధని మాట్లాడుకున్నారు. ఆ ఊరి రోశమ్మ ముందుండగా సారాకొట్టు మూయించారు. ఆ మాట జిల్లా దాటింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత మద్యం విధానాలు ఎన్ని మలుపులు తిరిగాయో వేరే చరిత్ర. నేను చూసేది ఆ రాత్రిబడిలో జరిగిన దాన్ని. ఆ ఆడవాళ్ళూ మనసు మార్చుకున్నారు. ఇన్నాళ్ళూ సిగ్గు తమదనుకున్నారు. ఆ రోజున దాన్ని సారాకొట్టు గుమ్మంలో దింపేశారు. తెగువ ఆ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఒకరి మాట ఒకరు నమ్మడం.

ఇంటిగుట్టు లంకకు చేటని చిన్నప్పటి నుంచీ వింటాం. గుట్టు బయటపెట్టినవాడి వల్ల లంక కాలిందని చెప్పుకుంటాం కానీ, లంక కాలింది రావణుడు చేసిన పనికి. ఆ సామెత నోట్లోనే ఉండగా మన పిల్లలు కాలిపోతున్నారు.

మగవాళ్ళకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు 1,70,924 మంది. అందులో 1,22,724 మంది మగవాళ్ళు. కారణాలన్నిటిలో మొదటిది కుటుంబ సమస్యలు, నూటికి 31కి పైగా. ఆడదైతే కనీసం రాత్రి పదిన్నరకు అమ్మకు ఫోను చేస్తుంది. మగవాడికి ఆ అలవాటూ లేదు. మగాడివై ఉండి ఏడుస్తావేంటి అని ఎనిమిదో ఏటనే నోరు మూయించాం. అప్పు, తాగుడు, తండ్రితో పొసగకపోవడం, భార్యతో మాటల్లేకపోవడం అన్నీ లోపల దాచుకుని ఒక రోజు పొలం వైపు నడుస్తాడు. చస్తానన్న మాట ఎవరి నోట వచ్చినా బెదిరింపుగా కొట్టిపారేయకండి. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంచకండి. పొలం ఉన్నవాళ్ళయితే తాళం వేసి, తాళంచెవి మరొకరి దగ్గర పెట్టండి. మానసిక సాయానికి టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. కేసవుతుందేమోనని ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేయకండి. కొడుకూ కోడలూ వేధిస్తే నోరు మెదపని ముసలి తల్లిదండ్రులకు సహాయ నంబరు 14567. వాళ్ళ పోషణకు 2007 నుంచి చట్టం ఉంది, ట్రిబ్యునల్ ఉంది.

దూరదేశాల్లో ఉన్న పిల్లల సంగతి మరీ కష్టం. భర్త వీసా మీద అమెరికా వెళ్ళిన అమ్మాయికి కారు నడపడం రాకపోవచ్చు, చేతిలో డాలరు ఉండకపోవచ్చు, పాస్‌పోర్టు అతని బీరువాలో ఉండొచ్చు. 'నిన్ను వెనక్కి పంపేస్తా' అనే మాటే అక్కడ అతని చేతిలో కర్ర. ఆ అమ్మాయికి ఇక్కడి నుంచి సర్దుకుపో అని చెబితే మిగిలిన ఒక్క తలుపూ మూసినట్టే. అక్కడ 911 ఉంది. గృహహింస బాధితుల జాతీయ సహాయ నంబరు 1-800-799-7233 ఉంది. దక్షిణాసియా స్త్రీల కోసం న్యూజెర్సీలో 1985లో పుట్టిన మానవి లాంటి సంస్థలున్నాయి. సాయం అడిగినంత మాత్రాన దేశం నుంచి వెళ్ళగొట్టరు. ఈ నంబర్లు ఇక్కడి తల్లిదండ్రుల దగ్గర కూడా ఉండాలి. అక్కడ ఆమె ఫోను అతని చేతిలో ఉండొచ్చు.

ఇక అసలు చిక్కుముడి. బయటికి వచ్చిన పిల్ల ఎక్కడికి రావాలి? చాలా ఇళ్ళలో సర్దుకుపొమ్మనే మాట వెనక ఉన్నది ధర్మం కాదు, గది. తమ్ముడికి పెళ్ళయింది, ఆ గది వాళ్ళకిచ్చారు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు, అక్క తిరిగొచ్చిందంటే అవి ఆగిపోతాయని భయం. కట్నం కింద ఉన్నదంతా ఇచ్చేశాం, ఇంకేం మిగిలింది అంటారు. కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమని 1961 చట్టం. ఆడపిల్లకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే, దేశం కన్నా దాదాపు ఇరవై ఏళ్ళు ముందుగా, హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. నలభై ఏళ్ళు కావస్తున్నా మనం కట్నం ఇస్తున్నాం, వాటా ఇవ్వడం లేదు. కట్నం అల్లుడి చేతికి పోతుంది. వాటా కూతురి పేరు మీద ఉంటుంది. ఒకటి ఆమెను ఆ ఇంట్లో కట్టిపడేస్తుంది, రెండోది అవసరమైతే బయటికి రానిస్తుంది. పెళ్ళిలో లాంఛనాల పట్టిక రాసుకునే తండ్రి, అదే పట్టిక కింద ఒక్క పంక్తి రాయాలి. ఈ ఇంట్లో ఈ గది నీది, ఎప్పుడొచ్చినా. ఆ మాట పెళ్ళికి ముందే కూతురికి వినిపించాలి. కాబోయే అల్లుడి చెవినా పడాలి.

తిరిగొచ్చిన పిల్లకు సంతోషం ఎలా మొదలవుతుందో చూసినవాళ్ళకు తెలుసు. మొదటి వారం నిద్ర. కేవలం నిద్ర. పగలు రెండు గంటలకు కూడా నిద్రపోతుంది. అప్పుడు తల్లి 'ఇలా పడుకుంటే ఎలా' అనకూడదు, ఆ నిద్ర ఎన్నేళ్ళ బాకీయో తెలియదు. తర్వాత ఆకలి. తర్వాత గేటు చప్పుడుకు ఉలిక్కిపడటం తగ్గుతుంది. పిల్లలు అరిచి ఆడుకోవడం మొదలుపెడతారు. అంతవరకూ ఆ పిల్లలు గుసగుసగా ఆడుకునేవాళ్ళని అప్పుడు గుర్తొస్తుంది. ఆ తర్వాతే చదువు, ఉద్యోగం, కోర్టు, అతను మారితే వెళ్ళడమా వద్దా అన్న ఆలోచన. అప్పుడు మనసు మార్చుకోవడం గురించి మాట్లాడండి. ఆమె వింటుంది. వినగలిగే చోట ఉంది కనుక.

ఈ పత్రిక చదివే తల్లులారా, తండ్రులారా, అన్నదమ్ములారా. ఈ రాత్రే ఆ ఫోను రావచ్చు. వస్తే ఏం చేశావమ్మా అని అడగకండి. అతని తప్పెంత, నీ తప్పెంత అని లెక్కలు వేయకండి. సర్దుకుపో అనే మాట నోటిదాకా వస్తే అక్కడే మింగేయండి. రెండే ప్రశ్నలు అడగండి. ఇప్పుడు నువ్వు భద్రంగా ఉన్నావా? పిల్లలు నీ దగ్గరే ఉన్నారా? లేదని చెబితే 112కు ఫోను చేసి చిరునామా చెప్పండి. ఆ తర్వాత ఆమెకు మళ్ళీ ఫోను చేసి, మేం బయల్దేరాం, గది సిద్ధంగా ఉంది అని చెప్పండి. చెప్పి, బయల్దేరండి.